కత్తెర తగలని కొస

ఫిబ్రవరి 4, ఆదివారం

నా రాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చేతికి కత్తెర వచ్చింది, కలం పోయింది. ఏ అక్షరానికి ఏ ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. చదివేవాళ్లు పెద్దమనసు చేసుకుని మన్నించాలి. చదివేవాళ్లు ఎవరూ లేరనుకోండి. కానీ ఏది రాసినా ముందు ఈ మాట రాయమని బడిలో పంతులుగారు నేర్పారు. నాకు ఇంకో రకంగా మొదలుపెట్టడం రాదు.

ఈ డైరీ మా అమ్మాయి పనిచేసే కళ్లజోళ్ల షాపువాళ్లు పంచిపెట్టింది. పోయినేటిది. వారాలు కొట్టేసి నేను వేసుకుంటున్నాను.

రాయాల్సిందేమిటంటే, ఈరోజు బాత్రూములో నీళ్లు పోవడం లేదు. జాలీ తీసి చూశాను. వెంట్రుకలు. గుప్పెడు. పొడుగువి. ఈ ఇంట్లో ఇద్దరమే ఉంటాం. నాది బోడిగుండు.

కత్తిరిస్తే పడిన వెంట్రుక వేరు, ఊడి పడిన వెంట్రుక వేరు. ఊడినదానికి మొదట్లో చిన్న తెల్ల గింజ ఉంటుంది. వెలుతురులో పట్టుకుని చూశాను. అన్నిటికీ ఉంది.

కాగితంలో చుట్టి పారేశాను. అమ్మాయికి చెప్పలేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

పొద్దున తలకి స్కార్ఫు కట్టుకుని వచ్చింది. "జలుబా?" అన్నాను. "ఊఁ" అంది. ఇద్దరం కాఫీ తాగాం.

ఫిబ్రవరి 9, శుక్రవారం

చూశాను. చెప్పులు తొడుక్కోవడానికి వంగినప్పుడు స్కార్ఫు జారింది. కుడి చెవి వెనక ఒకటి, మెడ పైన జుట్టు మొదట్లో ఒకటి. రూపాయి బిళ్లలంత. నున్నగా, కడిగిన పళ్లెంలా.

పేనుకొరుకుడు. పేనుకీ దానికీ సంబంధం లేదు, పేరు అలా పడిపోయింది. నా షాపులో ఎంతమందికి చూశానో. పిల్లలకి, పోలీసులకి, ఒక పెళ్లికొడుక్కి. వెనక నిలబడేవాడిని నేను కాబట్టి వాళ్లకంటే ముందు నాకే తెలిసేది. భయపడితే "పెరుగుతుందిలే" అనేవాణ్ణి. క్షవరం ఎక్కువైపోయినా అదే మాట, పేనుకొరుకుడుకీ అదే మాట. చాలామందికి పెరిగేది. పెరగనివాళ్లు మళ్లీ షాపుకి రాలేదు కాబట్టి వాళ్ల సంగతి నాకు తెలీదు.

ఫిబ్రవరి 15, గురువారం

అమ్మాయే చెప్పింది. అన్నం పెడుతూ, గిన్నె వంక చూస్తూ. "చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను నాన్నా."

"ఏమన్నాడు?"

"ఏమంది అను. ఆడ డాక్టరే. రావచ్చు, రాకపోవచ్చు అంది. ఆర్నెల్లు చూడమంది. ఏదో పూతమందు ఇచ్చింది. ఉన్న జుట్టు లాగద్దు, బిగించద్దు, బంకలవీ పెట్టద్దు అంది."

"ఊఁ."

"షాపులో ఓనరు అడిగాడు. రోజూ ఈ ముసుగేంటమ్మా, కస్టమర్లు అడుగుతున్నారు, ఏదో ఒకటి చేసుకో అని."

గిన్నె మీద మూత పెట్టి, "విగ్గు కొనుక్కుంటా" అంది.

దానికి నలభై ఒకటి. పెళ్లి చేసుకోలేదు. నేను అడగలేదు, అది చెప్పలేదు. ఆ షాపులో పంతొమ్మిదేళ్లుగా జనానికి కళ్లజోడు పెట్టి అద్దం పట్టుకుంటోంది. నేనూ యాభై ఏళ్లు అద్దం పట్టుకునే బతికాను. ఇన్నాళ్లూ ఈ సంగతి తట్టలేదు. రాస్తుంటే తట్టింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

విగ్గుల షాపుకి వెళ్లాం. రమ్మనలేదు. "నేనూ వస్తానమ్మా" అన్నాను. సరే అంది.

ఇరుకు సందులో మెట్ల కింద గది. అరల నిండా తలలు, అన్నిటికీ జుట్టు. నాకు నా షాపే గుర్తొచ్చింది, మనుషులు మాత్రం లేరు. ఆ షాపావిడ నా గుండు వంక చూసి, "ఎవరికి?" అంది.

"నాకే" అంది అమ్మాయి.

"నయం. పెద్దాయన మళ్లీ పెళ్లికి సిద్ధమయ్యాడేమో అనుకున్నా."

అమ్మాయి నవ్వింది. నెల్లాళ్లయింది ఆ నవ్వు విని.

గాజు బీరువాలో నల్లటి జుట్టొకటి విడిగా పెట్టి ఉంది. అమ్మాయి అటే చూస్తుంటే, "అటు చూడకు తల్లీ. అది అసలు జుట్టు. అది చూస్తే ఇంకేదీ నచ్చదు. దానికోసం నువ్వు మూడు నెలలు ఉత్తినే పనిచేయాలి. ఇవి దారంతో చేసినవి. ప్లాస్టిక్ దారమే. కానీ సరిగ్గా చూసుకుంటే ఆర్నెల్లు నీ మాట వింటాయి" అంది.

ఆవిడ మాటలు నాకు నచ్చాయి. పని తెలిసిన మనిషి. గుర్తున్నంతవరకు రాస్తాను.

పొయ్యి దగ్గరికి పోకూడదు. వేడినీళ్లు పోయకూడదు. ఇస్త్రీపెట్టె ఊసే వద్దు. చన్నీళ్లలో కాస్త షాంపూ కలిపి ముంచి తీయాలి, పిండకూడదు, తువ్వాలుతో అద్ది ఆరేయాలి. తడిమీద దువ్వకూడదు. "నూనె నీ తలకి రాసుకో. దీనికి రాయకు." మరీ మెరుస్తుంటే పౌడరు అద్ది దులపాలి. "దేవుడిచ్చిన జుట్టు ఎవరికీ అంత మెరవదు. మెరిస్తే జనం కళ్లు పడతాయి." ఒత్తుగా ఉన్నదీ వద్దట, నలభై దాటినవాళ్లకి ఎంత ఉండాలో అంతే ఉండాలట. లోపల మెత్తటి నూలు టోపీ పెట్టుకుని దాని మీద పెట్టుకోవాలి. అంచు కింద చిటికెనవేలు దూరాలి. దూరకపోతే బిగువు, రెండు వేళ్లు దూరితే వదులు.

"ఇంటికెళ్లగానే తీసెయ్. నీ తలని ఊపిరి పీల్చుకోనీ. టేపు పెట్టు, బంక పెట్టు అని ఎవరన్నా చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్. ఉన్న జుట్టు పునాది. పునాది తవ్వుకుని మేడ కడతారా ఎవరన్నా?"

చివరికి రెండు మిగిలాయి. ఒకటి మెడ దాకా. లోపలంతా వల, వెనక బిగించుకోవడానికి చిన్న పట్టీ. అరచేతిలో పెడితే పిట్టంత బరువు. రెండోది నడుం దాకా. తడిసిన తువ్వాలంత బరువు. లోపల నాలుగు దువ్వెన క్లిప్పులు.

"ఈ పొడుగుది బరువమ్మా. ఆ క్లిప్పులు నీ జుట్టునే పట్టుకుని వేలాడతాయి" అంది ఆవిడ.

అమ్మాయి పొడుగుది పెట్టుకుని అద్దంలో నన్ను చూసింది. "నువ్వేమంటావు నాన్నా?"

పొట్టిదే మంచిది. ఎవరికైనా తెలుస్తుంది. నోటి దాకా వచ్చింది.

"నీ ఇష్టం అమ్మా" అన్నాను.

అద్దంలోనే చూస్తూ, "నీకెప్పుడూ పొట్టిదే కదా నచ్చేది" అంది. పొడుగుది కట్టించుకుంది.

నా తప్పేం లేదు. అడిగింది, చెప్పాను.

ఫిబ్రవరి 19, సోమవారం

పెట్టుకుని వెళ్లింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం వాళ్లమ్మే అనుకున్నాను.

చెప్పలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

ఆ మాట మనసులోంచి పోవడం లేదు. నీకెప్పుడూ పొట్టిదే.

వాళ్లమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్లు. నడుం దాకా జుట్టు. నాకు జడ వేయడం రాదు. ఊరందరి తలలూ చేతిలో ఉన్నవాణ్ణి, మూడు పాయలు అల్లడం రాదు. నాలుగు రోజులు ప్రయత్నించాను. రెండో పాయ ఎప్పుడూ జారిపోయేది. ఐదో రోజు కుర్చీ చేతుల మీద చెక్క వేసి, దాని మీద కూచోబెట్టి, చెవుల దాకా కత్తిరించేశాను. ఏడిచింది. "పెరుగుతుందిలే అమ్మా" అన్నాను. పెరగనివ్వలేదు. నెలకోసారి కత్తిరిస్తూనే ఉన్నాను. ఆరేళ్లు. మగపిల్లాడని బడిలో ఏడిపించేవాళ్లట. ఆ సంగతి పక్కింటివాళ్లు చెప్పారు, అది చెప్పలేదు.

పన్నెండో ఏట ఒకరోజు కుర్చీ దగ్గరికి రాలేదు. "ఇంక నా తల ముట్టుకోకు" అంది. ముట్టుకోలేదు.

అప్పటినుంచి పెంచుకుంది. అంత జుట్టు. అదే ఇప్పుడు జాలీలో పడుతోంది.

షాపు అమ్మేసినప్పుడు కుర్చీ, పెద్దద్దం, నా పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. ముందుగదిలో ఉన్నాయి. కుర్చీలో ఇప్పుడు ఉతికిన బట్టల కుప్ప ఉంటుంది.

మార్చి 3, ఆదివారం

ఏం రాయను.

పొద్దున అమ్మాయి వచ్చి, "నాన్నా, విగ్గు ముందు కుచ్చు కళ్లజోడు మీద పడుతోంది. కొంచెం తీస్తావా?" అంది.

ఇరవై తొమ్మిదేళ్లయింది. చేతులు కడుక్కున్నాను. కుర్చీలో బట్టలు తీసి మంచం మీద పెట్టాను. కూచుంది. మెడకి గుడ్డ కట్టాను. కత్తెర కొత్తగా పదును పెట్టించినట్టే ఉంది, వారానికోసారి నూనె వేస్తూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలీదు.

"కనుబొమల మీదికి. అంతే" అంది.

"అంతే."

నీళ్లు చల్లాను. ప్లాస్టిక్ దారం నీళ్లు పట్టదు. బొట్లు జారిపోయాయి. చేతికి తెలీని పదార్థం. అయినా చెయ్యి తనకి తెలిసిందే చేసింది. రెండు వేళ్ల మధ్య పట్టి కోశాను. ఎడమ పక్క వాలింది. సరిచేయడానికి కుడి పక్క తీశాను. అది ఎక్కువైంది. మళ్లీ ఎడమ. జుట్టయితే కాస్త ఒదుగుతుంది, తప్పు దాస్తుంది. ఇది దాచదు. కోసిన ప్రతి కోతా గీత గీసినట్టు కనిపిస్తుంది. నుదురు సగానికి వచ్చేసింది.

అప్పుడు నా నోరు, నన్ను అడక్కుండా, "పెరుగుతుందిలే అమ్మా" అంది.

అద్దంలో ఇద్దరం ఉన్నాం.

"ఇది పెరగదు నాన్నా" అంది. కోపంగా కాదు. పిల్లలకి లెక్క చెప్పినట్టు. తర్వాత లేస్తూ, "అప్పుడూ ఇదే మాట" అంది.

కింద పడిన ముక్కలు ఊడ్చాను. అలవాటు.

మార్చి 4, సోమవారం

కుచ్చు మీద బ్యాండు పెట్టుకుని వెళ్లింది. కుర్చీలో బట్టలు మళ్లీ వచ్చాయి.

మార్చి 9, శనివారం

ఈరోజు షాపులో విగ్గు జారిందట. ఒక ముసలావిడకి కళ్లజోడు పెట్టి, అద్దం చూపించడానికి వంగితే బరువుకి వెనక్కి జారింది. వేలెడు. ముసలావిడ చూసింది, ఏమీ అనలేదట. "పాపం అన్నట్టు చూసింది నాన్నా. అంటే బాగుండేది."

క్లిప్పులు పట్టుకోవడానికి చెవుల వెనక జుట్టు చాలడం లేదు.

సాయంత్రం సంచిలో ఒక చుట్ట తెచ్చుకుంది. రెండు వైపులా అంటుకునే టేపు.

విగ్గులావిడ వద్దంది. డాక్టరూ వద్దంది. దానికి తెలుసు కదా, నేను గుర్తు చేయడం ఏమిటి. కుచ్చు పాడుచేసినవాణ్ణి మళ్లీ తల గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది. అయినా రేపు చెప్తాను.

మార్చి 10, ఆదివారం

చెప్పలేదు. తలనొప్పి అని పడుకుంది.

మార్చి 12, మంగళవారం

చెప్పలేదు. ఆలస్యమైందని పరుగెత్తింది.

మార్చి 17, ఆదివారం

దాని తల, దాని ఇష్టం. చిన్నపిల్లా?

ఏప్రిల్ 3, బుధవారం

చాలా రోజులు రాయలేదు. రాయడానికేం లేదు. ఈరోజు ఉంది.

పొద్దున వెలుతురు వంటగది కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. అమ్మాయి ఇంకా ఏమీ పెట్టుకోలేదు, స్కార్ఫు మెడ మీదికి జారి ఉంది, వంగి గ్యాసు కింద ఏదో వెతుకుతోంది. మెడ మీది బిళ్ల కనిపించింది. నున్నగా లేదు.

నూగు. తెల్లటి నూగు. ఎండలోకి ఏటవాలుగా వస్తే తప్ప కనపడదు. పసిపిల్లల చెవుల మీద ఉంటుందే, అలాంటిది.

నా చేతిలో గ్లాసు ఉంది. గ్లాసు కింద పెట్టాను. అది లేచి, "ఏంటి నాన్నా?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను.

మనిషి ప్రపంచంలో ఏదైనా చూడొచ్చు, తన తల వెనక మాత్రం చూసుకోలేడు. అందుకే క్షవరం అయ్యాక వెనక అద్దం చూపిస్తాం. ఆ నూగు ఉందని ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. సరిగ్గా దాని మీదే రోజూ టేపు అంటిస్తోంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

బాత్రూము చెత్తబుట్టలో నిన్నటి టేపు ముక్క ఉంది. తీశాను. కిటికీ దగ్గర నించుని అమ్మాయి బల్ల మీది భూతద్దం పెట్టి చూశాను.

నాలుగు. తెల్లటి వెంట్రుకలు, సగం బియ్యపు గింజంత పొడుగు. విగ్గువి కావు, విగ్గు దారం నల్లగా, మొదలూ చివరా ఒకే లావుంటుంది. కత్తిరించిన జుట్టు కొస మొద్దుగా ఉంటుంది. కత్తెర ఒక్కసారి తగిలినా ఆ మొద్దుతనం పోదు. వీటి కొసలు సూదిలా సన్నగా ఉన్నాయి. ఎప్పుడూ కత్తెర తగలని కొసలు. కొత్తగా పుట్టినవి.

పుట్టినవి పుట్టినట్టు సాయంత్రానికి టేపుతో పీకేస్తోంది. తెలీక.

సాయంత్రం చెప్తాను.

ఏప్రిల్ 5, సాయంత్రం

వచ్చింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. టేపు ఊడే చప్పుడు బయటికి వినిపిస్తుంది. నాకు ఇంతకుముందు తెలీదు.

ఏప్రిల్ 6, శనివారం

నేనొక్కణ్ణే విగ్గులావిడ దగ్గరికి వెళ్లాను. సంగతంతా చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడి ఉండను. ఆవిడ విని, ఆ మెడ దాకా ఉన్న విగ్గు దింపి నా చేతిలో పెట్టింది.

"ఇది క్లిప్పులు లేకుండా నిలుస్తుంది. పట్టీ ఉంది. నూలు టోపీ కింద పెడితే జారదు. సరే. కానీ పెద్దాయనా, నాకెందుకు చెప్తున్నావు ఇదంతా?"

"మీరు పని తెలిసినవారని."

"ఆ పిల్లకి చెప్పు."

"నా మాట వినదమ్మా."

"చెప్పావా?"

విగ్గు తిరగేసి పట్టీ చూడసాగాను.

"చెప్పకుండానే వినదంటున్నావు. బాగుంది వరస. అడక్కుండా కత్తిరించడానికి వచ్చిన ధైర్యం, అడిగినప్పుడు చెప్పడానికి లేకపోయిందా?"

ముప్పై ఐదేళ్ల కిందటి కత్తిరింపు సంగతి కూడా చెప్పేశానన్నమాట. ఎప్పుడు చెప్పానో నాకే తెలీదు.

ఏప్రిల్ 8, సోమవారం

దానికి ఇచ్చేముందు ఇది ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ దురద పెడుతుందో తెలియాలి కదా. షాపులో కొత్త కత్తి కొంటే ముందు నా చేతి మీద గీసుకుని చూసుకునేవాణ్ణి. అలాగే ఇది నేను పెట్టుకున్నాను. నూలు టోపీ, దాని మీద విగ్గు, వెనక పట్టీ రెండో కొక్కేనికి. పొద్దున పది నుంచి.

ముందు గంట బాగానే ఉంది. తర్వాత చెవుల మీద కొంచెం వేడి. వంగాను, లేచాను, తల ఊపాను, జారలేదు. చిటికెనవేలు దూరుతోంది. మధ్యాహ్నానికి పెట్టుకున్న సంగతే మర్చిపోయాను.

మర్చిపోయి టీ పెట్టుకుంటుంటే తలుపు తీసి ఉందని పక్కింటి పోస్టుమాన్ లోపలికి వచ్చాడు. రిటైరై పదేళ్లయింది, ఊరంతా తలుపులు కొట్టినవాడికి మా తలుపు కొట్టే అలవాటు మాత్రం రాలేదు. వెనకనుంచి చూసి, "క్షమించమ్మా, పెద్దాయన లేడా?" అన్నాడు.

నేను తిరిగాను.

వాడి మొహం ఈ జన్మకి మర్చిపోను. గోడ పట్టుకున్నాడు. "ఒరే... నీకేమన్నా అయిందా?"

"అమ్మాయికి. కొలత చూస్తున్నా."

"అమ్మాయి కొలత నీ గుండుకి చూస్తావా! ఒరే ఒరే, పొయ్యి! పొయ్యిరా!"

ఎడమ పక్క నాలుగు పోగులు మంట దగ్గరికి పోయాయి. ముడుచుకుని ముద్దయిపోయాయి. కత్తెర తెచ్చి ఆ నాలుగే తీశాను. ఇది పెరగదని ఈసారి గుర్తుంది.

వాడు కూచుని టీ తాగాడు. నవ్వుతున్నాడు, ఆపుకుంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. వెళ్లేముందు మాత్రం నవ్వలేదు. "నలభై ఏళ్లు ఉత్తరాలు పంచాను. మొహం మీద చెప్పలేనివాళ్లే రాసేవాళ్లురా అన్నీ. నువ్వు రోజూ ఏదో గీకుతున్నావు కదా, కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. అదేదో ఎవరికో పంపించు" అన్నాడు.

ఇది ఉత్తరం కాదు. నాకోసం రాసుకుంటున్నది.

ఏప్రిల్ 9, మంగళవారం

టేపు మీద మూడు.

ఏప్రిల్ 10, బుధవారం

ఐదు. సాయంత్రం విగ్గు పెట్టె పట్టుకుని బాత్రూము బయట నిలబడ్డాను. తలుపు తీసింది. "ఏంటి నాన్నా, లోపలికి వెళ్లాలా?" అంది. అవునన్నాను. వెళ్లాను. కాసేపు ఉండి వచ్చాను.

ఏప్రిల్ 11, గురువారం

నేను ఎవరితోనూ ఎదురుగా మాట్లాడలేదు. యాభై ఏళ్లు అద్దంలో మాట్లాడాను. వెనక నిలబడి. మనిషికి నా మొహం తిరగేసి కనిపించేది, వాళ్లది నాకు తిరగేసి. అలా అయితే ఏ మాటైనా వచ్చేది. వాళ్లు లేచి నా వైపు తిరిగితే మాట ఆగిపోయేది.

టేపు మీద రెండు. రెండంటే ఆనందపడాలో లేదో తెలీడం లేదు. పీకడం తగ్గిందా, పీకడానికి మిగల్లేదా?

ఏప్రిల్ 13, శనివారం

తల్లీ,

ఈ పేజీ నీకు. నా రాత నీకు తెలుసు, తప్పులు నువ్వే దిద్దుకో.

నువ్వు షాపుకి వెళ్లావు. సాయంత్రం వచ్చి బాత్రూములోకి వెళ్తావు. ఈ డైరీ అద్దం కింద అరలో, నీ టేపు చుట్ట పక్కన, ఈ పేజీ తెరిచి పెడుతున్నాను. ముందు ఇది చదువు. చదివేదాకా తల మీద చెయ్యి వేయకు.

నీ మెడ మీది బిళ్లలో జుట్టు వస్తోంది. తెల్లగా, నూగులా. నీకు కనపడదు. నేను పది రోజుల కిందట చూశాను. పది రోజులు చెప్పలేదు. టేపు దాన్ని పీకేస్తోంది. మొన్నటి ముక్క ఒకటి ఈ పేజీ అడుగున అంటించాను. నీ భూతద్దం కూడా అక్కడే ఉంది. పెట్టి చూడు. కొసలు సన్నగా ఉన్నాయి చూశావా. కత్తెర ముట్టని జుట్టు అది. నేను ముట్టనిది.

పెరుగుతుందని చెప్పను. ఆ మాట నేను చాలామందికి చెప్పాను, నీకు రెండుసార్లు చెప్పాను. ఇంక చెప్పను. ఉంది అని మాత్రం చెప్తున్నాను. ఉంది. చూశాను.

ఆరోజు విగ్గుల షాపులో నువ్వు అడిగావు. పొట్టిదే అనుకున్నాను. అనలేదు. నేను పొట్టిది అంటే నువ్వు పన్నెండేళ్ల పిల్లవైపోతావని భయం. పొడుగుదానిలో నువ్వు మీ అమ్మలా ఉన్నావు. అదీ చెప్పలేదు.

మెడ దాకా ఉన్నది కొన్నాను. నా పెట్టెలో ఉంది. క్లిప్పులు లేవు, టేపు అక్కర్లేదు. ఎడమ పక్క నాలుగు పోగులు తక్కువ. ఎందుకో వెనక పేజీల్లో ఉంది, ఏప్రిల్ 8. నీకు నవ్వొస్తే నవ్వుకో. నచ్చకపోతే పెట్టుకోకు. పొడుగుదే కావాలంటే అదే పెట్టుకో, దాన్ని టేపు లేకుండా ఎలా నిలబెట్టాలో ఇద్దరం వెళ్లి ఆవిణ్ణి అడుగుదాం. ఈసారి నేను మాట్లాడతాను.

మిగతా పేజీలు కూడా చదివేస్తావని తెలుసు. చదువు. జడ వేయడం రాకే కత్తిరించాను. అంతకంటే కారణం లేదు. ముప్పై ఐదేళ్లుగా చెప్పాలనుకుంటున్నది అదే.

ఇప్పుడు ముఖ్యమైనది. ఈరోజు టేపు నువ్వు లాగకు. నూనె గోరువెచ్చగా చేసి అంచు మీద రాస్తే అదే వదులుతుంది, అరగంట పడుతుంది, వెంట్రుక్కి నొప్పి తెలీదు. విగ్గుకి నూనె తగలకుండా గుడ్డ అడ్డం పెడతాను. కుర్చీలో బట్టలు తీసేశాను. కత్తెర పెట్టెలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి ఈ డైరీ మీదే ఉంది, నువ్వే ఉంచుకో. వెనక అద్దం తుడిచాను. నువ్వు కూచుంటే పట్టుకుంటాను. నీకు నువ్వే చూసుకుందువుగాని.

కలం పేజీలో పెట్టాను. కింద ఖాళీ వదిలాను. సరే అనో, వద్దనో, ఒక్క ముక్క రాసి, కాగితం చింపి తలుపు కిందనుంచి తోసెయ్. నేను బయటే నిలబడి ఉన్నాను. గిన్నెలో నూనె చల్లారకముందే జవాబు రాయి తల్లీ.